14వ రోజు లెక్క మీది కాదమ్మా

ప్రశ్న: మేడమ్, నా వయసు 29, మా ఆయనకి 33. పెళ్ళయి రెండేళ్ళు దాటింది. 14 నెలలుగా పిల్లల కోసం ప్రయత్నిస్తున్నాం. నేను ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని. ఆయనది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, సాయంత్రం వెళ్తే తెల్లవారుజామున నాలుగింటికి వస్తారు. నా ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు, బరువు 66 కిలోలు. నెలసరి 35 నుంచి 40 రోజులకి ఒకసారి వస్తుంది. యూట్యూబ్‌లో చూసి 12వ రోజు నుంచి 14వ రోజు దాకా కలుస్తున్నాం. ఆ తర్వాత ఒళ్ళు అలవకూడదని అత్తయ్య చెప్పారు, అందుకే విడిగా పడుకుంటున్నాను. వేడి చేస్తాయని బొప్పాయి, నువ్వులు, గుడ్లు మానేశాను. అత్తయ్య ఊరి నుంచి పంపిన చూర్ణం రోజూ పొద్దున పాలల్లో కలిపి తాగుతున్నాను. ఆయన్ని పరీక్ష చేయించుకోమంటే ‘నాకేం రోగం?’ అంటున్నారు. ఆయనకి రోజుకి ఐదారు సిగరెట్లు, శనివారం బీరు అలవాటు. నేను ఇంకా ఏం తినాలి? ఏం మానేయాలి?
– ఒక సోదరి, కూకట్‌పల్లి, హైదరాబాద్

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మానేశాను, తాగుతున్నాను, విడిగా పడుకుంటున్నాను... అన్నీ మీరే చేస్తున్నారు. చివర్లో మళ్ళీ ‘నేను ఇంకా ఏం మానేయాలి’ అని అడిగారు. పుట్టబోయే బిడ్డలో సగం మీ ఆయనది. ఆ సగం గురించి ఇంతవరకు ఎవరూ పట్టించుకోలేదు. అందుకే తిండి సంగతి కాసేపు పక్కన పెట్టి, ముందు వేరే రెండు విషయాలు చెబుతాను. నేను డైటీషియన్‌ని, డాక్టర్‌ని కాదు. తిండితో ఎంత అవుతుందో, ఎక్కడ డాక్టర్ దగ్గరికి వెళ్ళక తప్పదో తెలిసే చెబుతున్నాను.

మొదటిది మీ రోజుల లెక్క. అండం విడుదలయ్యేది నెలసరి మొదలైన 14వ రోజున అని అందరూ చెబుతారు. అది 28 రోజులకి నెలసరి వచ్చేవాళ్ళ లెక్క. అసలు లెక్క వెనక నుంచి వేయాలి. వచ్చే నెలసరికి సుమారు 14 రోజుల ముందు అండం విడుదలవుతుంది. మీకు 35 రోజులకి వస్తే అది 21వ రోజు దగ్గర పడుతుంది, 40 రోజులకి వస్తే 26వ రోజు దగ్గర పడుతుంది. అండం బతికేది 12 నుంచి 24 గంటలే. వీర్యకణాలు మాత్రం స్త్రీ శరీరంలో ఐదు రోజుల దాకా బతకగలవు. అంటే అండం విడుదలయ్యే రోజు, దానికి ముందు ఐదు రోజులు, మొత్తం ఆరు రోజులే గర్భం రావడానికి అవకాశం ఉన్న రోజులు. మీ విషయంలో అవి దాదాపు 16వ రోజుకీ 26వ రోజుకీ మధ్య ఎక్కడో ఉంటాయి. మీరేమో 14వ రోజున ఆపేసి, దుప్పటి తీసుకుని పక్క గదిలోకి వెళ్ళిపోతున్నారు.

ఇది చదువుతుంటే నాకు ప్రాణం ఉసూరుమంది. ఈ 14 నెలల్లో మీకు పదకొండు పన్నెండు సార్లు నెలసరి వచ్చి ఉంటుంది. ప్రతిసారీ స్కూల్లో బాత్రూమ్‌కి వెళ్ళి కళ్ళు తుడుచుకుని వచ్చి పాఠం చెప్పి ఉంటారు. ఆ నెలల్లో చాలావాటిలో అసలు అవకాశమే లేకుండా పోయి ఉండవచ్చు. మీ ఒంట్లో ఏదో పెద్ద లోపం ఉందని ఇప్పుడే అనుకోకండి.

ఇక నుంచి 12, 14 అని లెక్కలు పెట్టుకోవద్దు. నెలసరి ఆగిన దగ్గర నుంచి మళ్ళీ వచ్చేదాకా రెండు మూడు రోజులకి ఒకసారి కలిస్తే చాలు. అప్పుడు అండం ఏ రోజు విడుదలైనా ఇబ్బంది ఉండదు. రోజూ కలిసినా తప్పేమీ లేదు, ‘దాచుకుంటే బలం’ అన్నది ఉత్త మాట. ఒక గుర్తు చెబుతాను. అండం విడుదలయ్యే ముందు రోజుల్లో తెల్లబట్ట పలచబడి, కోడిగుడ్డు తెల్లసొనలా వేళ్ళ మధ్య తీగలా సాగుతుంది. అది కనిపించిన రోజులు వదులుకోకండి. అండం విడుదలయ్యే రోజు తెలుసుకోవడానికి మెడికల్ షాపులో దొరికే ఓవ్యులేషన్ కిట్లు, పీసీఓడీ (హార్మోన్లు అదుపు తప్పి అండం సమయానికి విడుదల కాని సమస్య) ఉన్నవాళ్ళకి ఒక్కోసారి తప్పు చూపిస్తాయి. మీకు అది ఉందో లేదో తేలేదాకా వాటికి డబ్బు పెట్టకండి.

కలిశాక కదలకూడదు, బరువులెత్తకూడదు, నడుము కింద దిండు పెట్టుకోవాలి అన్నవేవీ అవసరం లేదు. వెళ్ళాల్సిన కణాలు కొన్ని నిమిషాల్లోనే గర్భాశయ ముఖద్వారం దాటి వెళ్ళిపోతాయి. కొంత బయటికి రావడం మామూలే, దాన్ని చూసి కంగారు పడొద్దు. లేచి స్నానం చేయండి, ఇంటి పని చేసుకోండి, మెట్లెక్కి స్కూలుకి వెళ్ళండి. ఒక్క జాగ్రత్త మాత్రం చెప్పాలి. కలిసేటప్పుడు జారుడు కోసం జెల్ లాంటివి వాడుతుంటే ఆపేయండి. వాటిలో చాలావరకు వీర్యకణాల కదలికని దెబ్బతీస్తాయి.

రెండోది మీ ఆయన పరీక్ష. ఇక్కడ నా సొంత సంగతి ఒకటి చెప్పాలి.

మాకు పాప పుట్టడానికి ఆరేళ్ళు పట్టింది. పెళ్ళయిన మూడో ఏట మా తోటికోడలి సీమంతం. గాజుల పళ్ళెం నేనే పట్టుకుని నిలబడ్డాను. ముత్తయిదువులు ఒక్కొక్కరే వచ్చి ఆమె చేతికి గాజులు తొడుగుతున్నారు. నా వంతు వచ్చేసరికి ఒక పెద్దావిడ ఏమీ అనకుండా నా చేతిలో పళ్ళెం తీసుకుని పక్కావిడకి ఇచ్చేసింది. ఎవరూ చూడలేదనుకున్నాను. కానీ అందరూ చూశారు. ఆ పళ్ళెంలో ఆకుపచ్చ గాజులు ఒకదానికొకటి తగిలి చేసిన చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. అప్పటికి నాకు రక్త పరీక్షలు, స్కానింగులు, అండం ప్రయాణించే ట్యూబుల్లోకి మందు పంపి తీసే ఎక్స్‌రే అన్నీ అయిపోయాయి. ఆ ఎక్స్‌రే రోజు పడ్డ నొప్పి తలుచుకుంటే ఇప్పటికీ కడుపులో తిప్పినట్టవుతుంది. ఇన్నాళ్ళూ ఒక్కరంటే ఒక్కరు కూడా మా ఆయన్ని పరీక్ష చేయించుకోమని అనలేదు. మాకూ తోచలేదు. నాలుగో ఏట ఒక డాక్టరమ్మ మొదటి రోజే అడిగింది, ‘ఆయన రిపోర్టు ఏదమ్మా?’ అని. వెరికోసిల్, అంటే వృషణాల దగ్గర సిరలు ఉబ్బి ఉన్నాయని తేలింది. చిన్న ఆపరేషన్ చేశారు. ఏడాదిన్నర తర్వాత నాకు నెల తప్పింది.

పిల్లలు కలగడం ఆలస్యమవుతున్న జంటల్లో సగం మందిలో మగవాళ్ళ వైపు కారణం కూడా ఉంటుంది. కొన్ని జంటల్లో అదొక్కటే కారణం. బయటికి మనిషి ఎంత దృఢంగా ఉన్నా, సంసారం ఎంత బాగా సాగుతున్నా, కణాల సంఖ్య వేరే సంగతి. మీ ఆయనతో ఈ మాట అనండి: ‘రోగం ఉందని కాదండీ, ఇద్దరం చేయించుకుందాం. మీది ఒక్క రోజు పని, సూది కూడా గుచ్చరు.’ ఆయన మనసు నొప్పించకుండా చెప్పడం కష్టమే. మగతనాన్ని అనుమానిస్తున్నారని అనుకుంటారు. నా ఉత్తరం ఆయన చేతికిచ్చి చదవమనండి. మీరు చెప్పలేని మాట నేను చెప్పాననుకుంటారు.

పరీక్షకి ముందు కనీసం రెండు రోజులు, ఎక్కువలో ఎక్కువ ఏడు రోజులు కలయిక లేకుండా ఉండాలి. ల్యాబులో ఇవ్వడానికి సిగ్గు అనిపిస్తే, వాళ్ళిచ్చే డబ్బాలో ఇంట్లోనే తీసి గంటలోపు అందించవచ్చు. ఈ సంగతి ల్యాబులో ముందే మాట్లాడుకోండి. డబ్బాని చొక్కా లోపల ఒంటికి ఆనించి, ఒంటి వేడిలోనే తీసుకెళ్ళాలి, ఏసీ గాలికి పెట్టకూడదు. నిరోధ్‌లో పట్టి తేకూడదు. రిపోర్టు వచ్చాక గూగుల్ తెరిచి భయపడకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన లెక్క ప్రకారం మిల్లీలీటరుకి కోటీ 60 లక్షల కణాలు, వాటిలో కదిలేవి నూటికి 42 ఉంటే కింది హద్దు దాటినట్టే. ఆకారం సరిగ్గా ఉన్నవి నూటికి నాలుగుంటే చాలు. ‘నార్మల్ ఫార్మ్స్ 4 శాతం’ అని చూసి, 96 శాతం పాడైపోయాయని ఏడ్చినవాళ్ళని నేను చూశాను. పైగా జ్వరం వచ్చి తగ్గినా రెండు మూడు నెలలు లెక్క పడిపోతుంది. ఒకసారి తక్కువొస్తే మళ్ళీ చేయించాకే మాట్లాడుకోవాలి.

ఆయన అలవాట్ల సంగతి కూడా చెప్పేస్తాను. వీర్యకణం తయారు కావడానికి రెండున్నర నెలలు పడుతుంది, బయటికి వచ్చేదాకా లెక్కేస్తే దాదాపు మూడు నెలలు. అందుకే ఈ రోజు సిగరెట్ మానేస్తే వచ్చే వారం ఫలితం కనిపించదు. వినాయక చవితికి మానేస్తే కార్తీక పౌర్ణమి దాటాక తయారయ్యేవి పొగ తగలని కణాలు. ఆయనకి ఈ లెక్క చెప్పండి. మగవాళ్ళకి ‘మానెయ్’ అంటే కోపం వస్తుంది కానీ ‘మూడు నెలలు’ అని గడువు పెడితే ఒప్పుకుంటారు. సిగరెట్ బదులు గుట్కా, జర్దా వేసుకుంటే ఒరిగేదేమీ లేదు, అదీ పొగాకే. ఆయన ఇంట్లో కాల్చే పొగ మీ అండాలకీ మంచిది కాదు. బీరు పూర్తిగా మానేయడం మేలు. మానలేకపోతే బాగా తగ్గించాలి. మీరు తీసుకోరనే అనుకుంటున్నాను, తీసుకుంటే మాత్రం పూర్తిగా ఆపేయండి.

వృషణాలు ఒంటి బయట ఉండడానికి కారణమే వేడి. అవి ఒంటి కంటే రెండు నుంచి నాలుగు డిగ్రీలు చల్లగా ఉంటేనే కణాలు బాగా తయారవుతాయి. తెల్లవారి ఇంటికొచ్చాక మంచం మీద ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని సినిమాలు చూసే అలవాటు ఉంటే బల్ల మీదికి మార్చమనండి. మరీ బిగుతైన లోదుస్తులు వద్దు. జిమ్‌కి వెళ్తుంటే ఒక్క మాట గట్టిగా అడగండి, కండల కోసం ఇంజెక్షన్లు ఏమైనా తీసుకుంటున్నారా అని. బయటి నుంచి టెస్టోస్టెరాన్ ఎక్కిస్తే ఒంట్లో కణాల తయారీ ఆగిపోతుంది. మగతనం పెరుగుతుందనుకుని తీసుకున్నదే సంతానానికి అడ్డు పడుతుంది. అది మానేశాక మళ్ళీ మామూలు కావడానికి నెలలు పడుతుంది.

రాత్రి డ్యూటీ గురించి కూడా. మీరు పొద్దున్నే స్కూలుకి బయల్దేరుతారు, ఆయన నాలుగింటికి వచ్చి నిద్రపోతారు. మీరిద్దరూ మెలకువగా ఒకచోట ఉండేది శని, ఆదివారాలే. అందులో శనివారం రాత్రి బీరు. వారానికి ఒక్క రోజు దొరికే జంటకి ఏం తినాలో చెప్పి ఏం లాభమమ్మా? ఆరు నెలలైనా పగటి షిఫ్ట్ అడగమనండి. మేనేజర్‌కి ఇంటి సంగతంతా చెప్పక్కర్లేదు, ఆరోగ్యం బాగాలేదంటే చాలు. వీలు కాకపోతే వారం మధ్యలో ఒక రోజు ఇంటి నుంచి పని చేసేలా చూసుకోమనండి. మీ ఇద్దరికీ కలిపి మందు రాయమంటే నేను ముందు ఈ షిఫ్ట్ మార్పే రాస్తాను.

ఇప్పుడు మీరడిగిన తిండి.

మీరు మానేసినవన్నీ మళ్ళీ మొదలుపెట్టండి. గుడ్డులో మంచి మాంసకృత్తులు, బీ12 ఉన్నాయి. రోజుకొకటి తినండి, పచ్చసొన తీసేయకుండా. నువ్వుల్లో కాల్షియం, ఇనుము ఉన్నాయి. చారెడు నువ్వులు వేసి చేసిన పచ్చడి వల్ల గర్భం నిలవకుండా పోదు. పండిన బొప్పాయి చక్కగా తినవచ్చు. పచ్చి బొప్పాయి పాల గురించే జాగ్రత్త, అది కూడా గర్భం వచ్చాక. మన ఇళ్ళల్లో ‘వేడి’ అన్న ఒక్క మాటతో ఆడపిల్ల పళ్ళెంలోంచి బలమైనవన్నీ తీసేస్తారు. మిగిలేది అన్నం, చారు, ఆవకాయ.

మీ లంచ్ బాక్స్ నేను చూడలేదు కానీ టీచర్ల డబ్బాలు చాలా చూశాను. మూడు గిన్నెల క్యారియర్‌లో పెద్ద గిన్నె నిండా అణిచి పెట్టిన తెల్లన్నం, రెండో దాంట్లో బంగాళాదుంప వేపుడు, చిన్నదాంట్లో పెరుగు. కడుపు నిండుతుంది, మూడింటికల్లా నిద్ర ముంచుకొస్తుంది. స్టాఫ్ రూమ్‌లో టీతో నాలుగు బిస్కెట్లు. సాయంత్రం బేకరీ దగ్గర ఆగి ఒక పఫ్. ఇలాంటి తిండితో రక్తంలో చక్కెర ఒక్కసారిగా పెరిగి, ఇన్సులిన్ ఎక్కువగా విడుదలవుతుంది. పీసీఓడీ ఉన్నవాళ్ళలో ఆ ఇన్సులినే అండం సమయానికి విడుదల కాకుండా అడ్డుపడుతుంది. మీ నెలసరి 35, 40 రోజులకి వెనక్కి జరగడానికి ఇదొక కారణం కావచ్చు.

అదే క్యారియర్‌లో గిన్నెలు మార్చండి. చిన్న గిన్నెలో అన్నం. పెద్ద గిన్నెలో కూర, అదీ వేపుడు కాకుండా బీరకాయో, దొండకాయో, చిక్కుడుకాయో. మూడో దాంట్లో గట్టి పప్పు, తోటకూర పప్పో, మునగాకు పప్పో, నీళ్ళలా కాకుండా ముద్దగా. పెరుగు విడిగా చిన్న డబ్బాలో. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లో 2,000 కేలరీల లెక్కకి రోజుకి ధాన్యాలు 250 గ్రాములు, కూరగాయలు 400 గ్రాములు చూపించారు. కూరగాయలు బియ్యం కంటే ఎక్కువ! మన ఇళ్ళల్లో ఇది సరిగ్గా తిరగబడి ఉంటుంది. పప్పులు, గుడ్లు, చేపలు, మాంసం కలిపి 85 గ్రాములు, పల్లీలు, నువ్వుల లాంటి గింజలు 35 గ్రాములు. అన్నం మానేయమని నేనెప్పుడూ చెప్పను. మన ప్రాణం అన్నం మీద ఉంటుంది, మానేసిన వాళ్ళు నెలలో రెట్టింపు తింటారు. తగ్గించి, చుట్టూ మిగతావి పెంచండి.

పొద్దున పెసరట్టు చాలా మంచిది, ఉప్మా పెసరట్టు కాకుండా ఉత్త పెసరట్టు, అల్లం పచ్చడి. ఇడ్లీలైతే రెండు, సాంబారు నిండుగా, పక్కన ఉడికించిన గుడ్డు. సాయంత్రం పఫ్ బదులు జామకాయ, గుప్పెడు వేయించిన శనగలో, ఉడికించిన పల్లీలో. రాత్రికి జొన్నరొట్టె చేయడం వస్తే అంతకంటే మంచిది లేదు, రాకపోతే చపాతీ సరే. వారానికి రెండుసార్లు చేప, బొచ్చె, రవ్వ లాంటి చెరువు చేపలైనా చాలు. సొరచేప వద్దు, పాదరసం ఎక్కువ. మీ ఆయన పళ్ళెం వేరు, మీ పళ్ళెం వేరు కాదు. ఇద్దరూ ఇదే తినాలి. గింజలు, చేపలు, పళ్ళు, ఆకుకూరలు కణాలకీ మేలు చేస్తాయి. ఆయన ఆఫీసు క్యాంటీన్‌లో రాత్రి ఒంటిగంటకి తినే ఫ్రైడ్ రైస్, కూల్‌డ్రింక్ సంగతి చూడండి. ఇంటి నుంచి రెండు రొట్టెలు, కూర కట్టిస్తే నయం.

టీ, కాఫీలు రెండు కప్పులకి మించొద్దు. గర్భం కోసం ప్రయత్నిస్తున్నప్పుడు కెఫీన్ రోజుకి 200 మిల్లీగ్రాములు దాటకపోతే మంచిది. డికాషన్ కాఫీ చిన్న కప్పులోనే 80 నుంచి 120 దాకా ఉంటుంది, టీలో 30 నుంచి 65. అన్నం తిన్న వెంటనే టీ తాగే అలవాటు స్టాఫ్ రూముల్లో మామూలు. అది తిండిలోని ఇనుముని ఒంటికి పట్టనివ్వదు. గంట ఆగండి. దానికి బదులు పప్పులో నిమ్మరసం పిండుకుంటే ఇనుము బాగా పడుతుంది. మన రెండు రాష్ట్రాల్లోనూ ఆడవాళ్ళలో సగానికి పైగా రక్తహీనత ఉంది. గర్భం వచ్చాక రక్తం పెంచుకోవడం కంటే ముందే పెంచుకోవడం సులువు.

ఒక మాత్ర మాత్రం ఈ రోజే మొదలుపెట్టాలి: ఫోలిక్ యాసిడ్, రోజుకి 400 మైక్రోగ్రాములు. గర్భం మొదలయ్యాక 28 రోజుల్లోపే బిడ్డ మెదడు, వెన్నుపాము తయారయ్యే గొట్టం మూసుకుపోవాలి. మీలాంటి ఆలస్యంగా నెలసరి వచ్చేవాళ్ళకి నెల తప్పిందని అనుమానం వచ్చి పరీక్ష చేసుకునేసరికే ఆ పని దాదాపు అయిపోతుంది. నెల తప్పాక వేసుకుందాంలే అని ఆగితే అందుకే లాభం లేదు. తోటకూర, పాలకూర, శనగల్లో ఫోలేట్ ఉన్నా మాత్ర మాత్రం కావాలి. షాపుల్లో ఎక్కువగా 5 మిల్లీగ్రాముల మాత్ర ఇస్తారు. షుగర్, ఫిట్స్ మందులు ఉన్నవాళ్ళకి, ఇంతకుముందు బిడ్డకి వెన్నులో లోపం వచ్చినవాళ్ళకి డాక్టర్లు ఎక్కువ డోసు రాస్తారు. మీకు అలాంటివేవైనా ఉంటే ఎంత డోసో డాక్టర్‌ని అడిగి తీసుకోండి.

మీ బరువు గురించి బాధపడకుండా వినండి. మీ ఎత్తుకి 66 కిలోలంటే బీఎంఐ (ఎత్తుకి తగ్గ బరువు ఉందో లేదో చూసే లెక్క) 26, 27 మధ్య వస్తుంది. మన దేశంవాళ్ళకి 23 దాటితేనే ఎక్కువ బరువు కింద లెక్క. 50 కిలోలకి రావాలని పెట్టుకోకండి. ఉన్న బరువులో నూటికి ఐదు నుంచి పది వంతులు తగ్గినా చాలామందికి అండం విడుదల దానంతటదే గాడిన పడుతుంది. మీ విషయంలో సుమారు మూడున్నర కిలోల నుంచి ఆరున్నర కిలోలు. మూడు నాలుగు నెలల్లో నిదానంగా తగ్గవచ్చు. రోజూ అరగంట చురుకైన నడక, వారానికి రెండు రోజులు కండరాలకి పని పెట్టే వ్యాయామం. పస్తులు, రోజంతా ఉపవాసాలు, పిండిపదార్థం పూర్తిగా మానేసే డైట్లు ఈ సమయంలో వద్దు. మరీ తక్కువ తిన్నా శరీరం అండాన్ని విడుదల చేయడం ఆపేస్తుంది. శనివారం ఒక్కపొద్దు ఉంటే ఉండండి, కానీ పాలు, పళ్ళు, గుప్పెడు పల్లీలు తీసుకోండి.

ఇక ఆ చూర్ణం. ఆపేయండమ్మా. అత్తయ్య ప్రేమతోనే పంపుతున్నారు, అందులో అనుమానం లేదు. కానీ అందులో ఏముందో ఆమెకీ తెలియదు, ఇచ్చినాయన చెప్పడు. పేరు, తయారీ వివరాలు లేని పొడుల్లో సీసం, పాదరసం లాంటివి ఉన్న సందర్భాలు ఉన్నాయి. అవి కడుపులో బిడ్డకి విషమే. ఆమెతో ఈ మాట మీరు చెప్పకండి, మీ ఆయన చెప్పాలి. ‘అమ్మా, డాక్టర్ వద్దన్నారు’ అని కొడుకు అంటే ఒక్క మాటతో అయిపోతుంది. కోడలు అంటే నెల రోజుల గొడవ.

ఇద్దరూ కలిసి డాక్టర్ దగ్గరికి ఎప్పుడు వెళ్ళాలని చాలామంది అడుగుతారు. 35 ఏళ్ళలోపు వాళ్ళు ఏడాది ప్రయత్నించాక, 35 దాటినవాళ్ళు ఆరు నెలలకే. మీకు 14 నెలలైంది, పైగా నెలసరి క్రమంగా లేదు. కాబట్టి లెక్క సరిచేసుకుని ఇంకో ఏడాది చూద్దామని ఆగకండి. కలిసే రోజులు మార్చుకోండి, తిండి మార్చుకోండి, ఈ నెలలోనే గైనకాలజిస్ట్‌ని కూడా కలవండి. వెళ్ళేముందు గత ఆరు నెలల నెలసరి తేదీలు ఒక కాగితం మీద రాసుకోండి. వాడుతున్న మందులు, చిన్నప్పటి ఆపరేషన్లు, ఇంట్లో ఎవరికైనా టీబీ వచ్చిందా అన్నవి కూడా రాయండి. మన దేశంలో గర్భాశయానికి, ట్యూబులకి సోకే టీబీ పైకి ఏ లక్షణమూ లేకుండానే సంతానాన్ని ఆపగలదు. మామూలుగా మొదట హిమోగ్లోబిన్, థైరాయిడ్, ప్రొలాక్టిన్ అనే హార్మోన్, షుగర్, ఒక స్కానింగ్ అడుగుతారు. రుబెల్లా టీకా వేయించుకున్నారో లేదో కనుక్కోండి. లేకపోతే వేయించుకుని, తర్వాత ఒక నెల గర్భం రాకుండా చూసుకోవాలి. ట్యూబుల ఎక్స్‌రే లాంటివి మాత్రం మీ ఆయన రిపోర్టు వచ్చాకే. ఈ మాట డాక్టర్‌తో నోరు తెరిచి అడగండి.

రోడ్డు పక్కన పసిపాపల బొమ్మలతో ఉన్న పెద్ద బోర్డులు చూసి నేరుగా ఐవీఎఫ్‌కి (టెస్ట్‌ట్యూబ్ బేబీ పద్ధతికి) పరుగెత్తకండి. అవసరమైనవాళ్ళకి అది వరమే. కానీ మీ వయసులో, మీరు చెప్పిన వివరాలని బట్టి, దానికి ముందు చాలా మెట్లున్నాయి. అండం సమయానికి విడుదలయ్యేలా ఐదు రోజులు వేసుకునే మాత్రలతోనే చాలామందికి గర్భం వస్తుంది. అవి డాక్టర్ పర్యవేక్షణలోనే వాడాలి, ఎవరో వాడారని కొనుక్కోకూడదు. ఇంకో సంగతి, ఏ లోపమూ లేని వయసులో ఉన్న జంటకి కూడా ఒక నెలలో గర్భం వచ్చే అవకాశం నూటికి 20, 25 మాత్రమే. అన్నీ సరిగ్గా చేసినా ఒక నెల తప్పడం, రెండు నెలలు తప్పడం మీ తప్పు కాదు.

‘టెన్షన్ పడకు, అదే వస్తుంది’ అని మీకు పది మంది చెప్పి ఉంటారు. నాకూ చెప్పారు. ఆ మాట విన్నప్పుడల్లా, నా టెన్షన్ వల్లే రావడం లేదేమో అని ఇంకో టెన్షన్ పట్టుకునేది. మీరు దిగులు పడ్డంత మాత్రాన గర్భం ఆగదు. దిగులు చేసే పని వేరు. నిద్ర చెడగొడుతుంది, ఒకరి మీద ఒకరు విసుక్కునేలా చేస్తుంది, మంచం దగ్గర కూడా అదొక డ్యూటీలా అయిపోతుంది. ఫోన్‌లో అలారం మోగిందని కలిసే జంట ఎన్నాళ్ళు దగ్గరగా ఉంటుంది? అలాంటి యాప్ ఏదైనా ఉంటే తీసేయండి. ఆదివారం సాయంత్రం ఇద్దరూ కలిసి నడవండి, పిల్లల మాట ఎత్తకుండా. ‘విశేషమేమైనా ఉందా?’ అని అడిగే ఫంక్షన్లకి కొన్నాళ్ళు వెళ్ళకపోతే కొంపలేమీ మునగవు. వెళ్ళక తప్పకపోతే మీ ఆయన మీ పక్కనే నిలబడి ఆయనే జవాబు చెప్పాలి.

ఈ శనివారం బీరుకి బదులు ఇద్దరూ ల్యాబుకి వెళ్ళి, ఆయన పరీక్షకి ఏ రోజు రావాలో, డబ్బా ఎక్కడ తీసుకోవాలో కనుక్కోండి. రిపోర్టులు చేతికి వచ్చాక మళ్ళీ నాకు రాయండి. ఇద్దరివీ.